గిన్నెలా, నీళ్లా, గింజలా? మూడేళ్లలోపు పిల్లలకి ఇంట్లో ఏ ఆట ఎప్పుడు పెట్టాలి

పుట్టినరోజుకి వచ్చిన బొమ్మలన్నీ మంచం కింద దుమ్ము పట్టి ఉంటాయి, పిల్ల మాత్రం వంటింట్లో పోపుల డబ్బా దగ్గర కూర్చుని ఉంటుంది. అమలాపురంలో అయినా భీమవరంలో అయినా నడక నేర్చిన పిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. అంగన్‌వాడీలో ఆటపాటల బడి మూడేళ్ల నుంచి మొదలవుతుంది, అప్పటిదాకా ఇల్లే బడి, సామానే బొమ్మలు. ఇంట్లో వస్తువులతో ఆడనివ్వాలా వద్దా అని మనల్ని ఎవరూ అడగరు, ఎలాగూ లాగేస్తారు. ఏ వస్తువు ఏ పిల్లకి, ఏ వేళకి అన్నది మాత్రం మన చేతిలో ఉంది.

ఫోన్లో వచ్చే వీడియోల్లో అన్ని ఆటలూ ఒకేలా ముద్దొస్తాయి. రంగులేసిన బియ్యం, గిన్నెడు శనగలు, టబ్బులో నీళ్లు. మన వసారాలోకి తెచ్చి పెడితే వాటిలో ఒకటి పిల్లని అరగంట కూర్చోబెడుతుంది, ఒకటి ఐదు నిమిషాల్లో మన చేత చీపురు పట్టిస్తుంది, ఇంకొకటి ఆస్పత్రికి పరుగు పెట్టిస్తుంది. అందుకే ఆట ఎంచేముందు నేను రెండు సంగతులు చూస్తాను. పిల్ల ఇంకా చేతికందింది నోట్లో పెట్టుకుంటోందా? వచ్చే అరగంట నా కళ్లు పిల్ల మీద ఉంటాయా, పొయ్యి మీద ఉంటాయా? వయసు లెక్క ఆ తర్వాతే. రెండేళ్లు నిండినా అన్నీ నమిలి చూసే పిల్లలున్నారు, ఏడాదిన్నరకే ఆ అలవాటు మానేసినవాళ్లూ ఉన్నారు.

ముందు నోటి సంగతి

మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకి ఒక కొలత వాడుకలో ఉంది. దాదాపు 3.2 సెంటీమీటర్ల వెడల్పున్న పొట్టి గొట్టంలో పూర్తిగా దిగిపోయే వస్తువేదైనా గొంతుకి అడ్డం పడొచ్చని లెక్క. మన 10 రూపాయల బిళ్ల వెడల్పు 27 మిల్లీమీటర్లు, అంటే అదీ దిగిపోతుంది. బంతిలా గుండ్రంగా ఉన్నవాటికైతే ఈ హద్దు ఇంకా పెద్దది, సుమారు 4.4 సెంటీమీటర్లు. గుండ్రటి వస్తువు గొంతులో పడితే పక్కనుంచి గాలి పోవడానికి కూడా సందు మిగలదు.

ఈ కొలత మనసులో పెట్టుకుని ఒకసారి ఇంట్లో నాలుగు మూలలూ చూడండి. తాతగారి వక్కలు, తలంటుకి తెచ్చిన కుంకుడుకాయలు, అక్క ఆడుకునే చింతపిక్కలూ గవ్వలూ, సీసా మూతలు, వేరుశనగ గుళ్లు, ఊదకుండా పడేసిన బుడగలు. వీటిలో ఏదీ చిన్నపిల్ల ఆటకి పనికిరాదు. రిమోట్లలోనూ పాటలు పాడే బొమ్మల్లోనూ ఉండే బిళ్ల బ్యాటరీలది ఇంకో దారుణం. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికని లోపల కాల్చేయగలవు. మింగిందేమోనన్న అనుమానం వచ్చినా, తెల్లారాక చూద్దామని ఆగకుండా అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మన వైపు ఇళ్లలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. వరి చేలకి వాడిన పురుగుమందు డబ్బాలు, రొయ్యల చెరువులకి తెచ్చిన మందుల టిన్నులు చూడ్డానికి గట్టిగా, మూతలతో భలే ఉంటాయి. ఎన్నిసార్లు కడిగినా అవి పిల్ల ఆటకి వద్దు. ఇంట్లో ఇంకే వాడకానికీ వద్దు.

గిన్నెలూ మూతలూ

రోజూ పెట్టగలిగే ఆట ఒక్కటే చెప్పమంటే స్టీలు గిన్నెలే చెబుతాను. నోట్లో పెట్టుకున్నా కడిగేస్తే పోతుంది, కింద పడేసినా పగలవు, కొత్తగా కొనక్కర్లేదు. అన్నిటికంటే పెద్ద లాభం, ఎనిమిది నెలల నుంచి మూడేళ్ల దాకా అవే గిన్నెలతో ఆట మారుతూ పోతుంది. ఎనిమిది నెలల పిల్ల మూతని నాకుతుంది, నేలకేసి కొడుతుంది. ఏడాది పిల్ల గిన్నెలో వెయ్యడం, తియ్యడం, మళ్లీ వెయ్యడం మొదలుపెడుతుంది. ఏడాదిన్నరకి ఏ మూత ఏ గిన్నెదో వెతుకుతుంది. రెండేళ్లొచ్చేసరికి ఖాళీ తపేలాలో గరిటె తిప్పి మనకి పులుసు వడ్డిస్తుంది.

గిన్నెల్లోనే మళ్లీ ఎంపిక ఉంది. టిఫిన్ కారియర్ గిన్నెలన్నీ ఒకే వెడల్పు, ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. ఎత్తుగా పేర్చి పడగొట్టే ఆట కోరే పిల్లకి అవి బాగుంటాయి. కారియర్ కడ్డీ, బిగించే కొక్కెం మాత్రం తీసి దాచండి, చిన్నవేళ్లు అందులో నలుగుతాయి. ఒకదాంట్లో ఒకటి ఇమిడే డబ్బాల వరసది వేరే ఆట. ఏడాదిన్నర పిల్ల చేతికి మూడు డబ్బాలిచ్చి చూడండి. పెద్దదాన్ని చిన్నదాంట్లోకి నొక్కుతుంది. దిగదు. రెండో చేత్తో గట్టిగా అదుముతుంది. మన మొహంలోకి చూస్తుంది. బోర్లించి పైన కొడుతుంది, పక్కకి తోసేస్తుంది, కాసేపాగి మళ్లీ దగ్గరకి లాక్కుంటుంది. ఏదో ఒక తిప్పులో చిన్నది పెద్దదాంట్లోకి టక్కున జారుతుంది. అప్పుడు బయటికి తీసి, మళ్లీ వేసి, మళ్లీ తీసి ఆ శబ్దం వింటూ కూర్చుంటుంది. మధ్యలో మన చెయ్యి అడ్డం వెళ్లిందంటే ఆట అక్కడితో సరి. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం పెద్దవాళ్లకి కష్టమైన పనే, ముఖ్యంగా మామ్మలకి.

అల్యూమినియం గిన్నెలు వద్దంటాను, అరిగిన అంచులు కోస్తాయి. ఇత్తడి చెంబు అందంగా ఉంటుంది కానీ కాలి మీద పడితే కమిలిపోతుంది. గిన్నెల్లో వేసుకోడానికి చిలకడదుంప, అరటికాయ, పెద్ద బంగాళాదుంప, చెక్క గరిటె, కవ్వం ఇవ్వండి. అట్లకాడ అంచు పదును, అది పక్కన పెట్టండి. చప్పుడు భరించలేకపోతే కింద బొంత పరవండి, గచ్చు మీద మోగినంత మోత ఉండదు.

ఇంకా పాకని, కూర్చోవడం మాత్రమే వచ్చిన పిల్లలకైతే గిన్నెలు పేర్చే ఆట కంటే బుట్ట ఆట నయం. ఎలినార్ గోల్డ్‌స్మీడ్ అనే ఇంగ్లండు శిశువిద్యా నిపుణురాలు (1910–2009) దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. అంచులు తక్కువగా ఉన్న బుట్టలో కర్ర, లోహం, గుడ్డ, తోలు లాంటి రకరకాల ఇంటి వస్తువులు వేసి పిల్ల ముందు పెట్టడం, పెద్దవాళ్లు దగ్గరే మాట్లాడకుండా కూర్చోవడం, అంతే ఆట. ప్లాస్టిక్ వస్తువులన్నీ చేతికీ నోటికీ ఒకేలా తగులుతాయి కాబట్టి ఆ బుట్టలో వాటికి చోటు లేదు. మన ఇంట్లో ఒక వెదురు తట్ట చాలు. స్టీలు గ్లాసు, చెక్క గరిటె, పట్టు జాకెట్టు ముక్క, నున్నగా గీకిన కొబ్బరి చిప్ప, మెత్తని తువ్వాలు వేస్తే నిండిపోతుంది.

వంటింటి సామానంతా ఒకేసారి కింద పరిచేయకండి. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్లు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల మధ్య పిల్లల ముందు ఒకసారి 4 బొమ్మలు, ఒకసారి 16 బొమ్మలు పెట్టి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారని 2018లో రాశారు. నాలుగు గిన్నెలు పెట్టి, మిగతావి అటక మీద ఉంచి, వారం తిరిగాక మార్చండి. మార్చినవి కొత్తవాటి కిందే లెక్క.

నీళ్లు

పిల్లని ఎక్కువసేపు కట్టిపడేసే ఆట ఏదంటే, అనుమానం లేదు, నీళ్లే. ఏప్రిల్, మే ఉక్కపోతలో ఇంక దేనికీ మొహం చూపించరు. అయినా రోజువారీ ఆటగా గిన్నెల తర్వాతే నీళ్లని పెడతాను. మన రెండు కళ్లూ పూర్తిగా కావాలి కాబట్టి.

రెండంగుళాల లోతు, అంటే 5 సెంటీమీటర్ల నీళ్లలో కూడా చిన్నపిల్ల మునిగిపోవచ్చు. ఈ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువు. బకెట్లోకి తొంగి చూసి తలకిందులైతే తనంతట తాను లేవలేదు. అరుపూ ఉండదు, నీళ్లు కొట్టుకునే చప్పుడూ ఉండకపోవచ్చు. కాబట్టి వంట చేసుకుంటూ ఓ కంట కనిపెట్టడం అన్నది నీళ్ల దగ్గర చెల్లదు. ఫోన్ మోగితే పిల్లని చంకనేసుకునే వెళ్లాలి. ఆట అయిపోయాక నీళ్లు మొక్కలకి పారబోసి టబ్బు బోర్లించడం కూడా ఆటలో భాగమే.

డెల్టాలో ఇల్లంటే చుట్టూ నీళ్లే. దొడ్లో గోలెం, నుయ్యి, వీధి చివర పంట బోదె, కాలువ గట్టు, చేపల చెరువు. ఇంట్లో నీళ్లతో ఆడి రుచి మరిగిన పిల్ల బయట నీళ్ల వైపు నడుస్తుంది. కాలువ పక్కన ఇల్లుండి వీధి గుమ్మానికి గేటు లేకపోతే, ముందు గేటు పెట్టించండి, తర్వాత నీళ్లాట సంగతి చూద్దాం. పెట్టినా ఎప్పుడూ ఒకేచోట, గిన్నెలు తోముకునే గచ్చు మీదే పెట్టండి. కాలువ మెట్ల దగ్గర, రేవులో వద్దే వద్దు.

ఎలా పెట్టాలంటే, వెడల్పాటి పళ్లెంలో అంగుళానికి మించకుండా నీళ్లు పొయ్యండి. రెండు గ్లాసులు, చిల్లుల గరిటె, టీ వడకట్టే జల్లి ఇవ్వండి. చిల్లుల గరిటెలోంచి నీళ్లు ఎందుకు నిలవవో ఏడాదిన్నర పిల్లకి రోజుల తరబడి తెగని వింత. కింద గోనెసంచి వేస్తే కాలు జారదు. ఎంత చెప్పినా ఆ నీళ్లు తాగుతారు కాబట్టి తాగే నీళ్లే పొయ్యండి.

ఇక్కడే చిక్కొస్తుంది. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, తాగే నీళ్లు టిన్నుల లెక్కన కొనుక్కుంటాం. కొన్న నీళ్లు పళ్లేలకి పళ్లేలు పారబోయడానికి ఎవరికీ మనసు రాదు. అలాంటి ఇంట్లో తడి ఆట మేలు. చెంబుడు నీళ్లలో కొబ్బరి పీచు కుంచెలా కట్టి ముంచి, అరుగు మీదో గోడ మీదో పూయించండి. ఎర్ర గచ్చు తడిసినచోట ముదురుగా మెరుస్తుంది, ఎండకి చూస్తుండగానే ఆరిపోతుంది, మళ్లీ పూస్తారు. పాత తువ్వాలు ముంచి పిండించడం ఇంకొకటి. వేళ్లకి బలమొస్తుంది, నీళ్లు పెద్దగా ఖర్చవ్వవు. లోతు లేదు కాబట్టి పళ్లెం నీళ్లంత భయం లేదు. అయినా చెంబు మన చేతిలోనే ఉండాలి.

కార్తీకంలో దీపాలు వదిలే అరటి దొప్పలు అందరికీ తెలిసినవే. దీపం లేకుండా ఆ దొప్పనే టబ్బులో పడవ చేసి, మీద ఒక ఆకు పెడితే రెండున్నరేళ్ల పిల్లకి పండగ. ఏడాది పిల్లకి ఇస్తే పీకి నమిలేస్తుంది, అదేం పెద్ద నష్టం కాదు గానీ ముక్కలు నోట్లో ఉండిపోకుండా చూసుకోండి.

గింజలు, ఇసుక, పిండి

ఈ మూడూ ఒకే తీరు ఆటలు, చేత్తో పట్టుకోవడం, పొయ్యడం, నొక్కడం. మంచిచెడ్డల్లో మాత్రం ఒకదానికొకటి పోలికే లేదు.

శనగలు, పెసలు, బఠానీలు, చింతపిక్కలు మూడేళ్లు నిండేదాకా ఆటకి ఇవ్వకండి. వీడియోల్లో ఎంత బాగున్నా సరే. గొంతుకి అడ్డం పడటం ఒకటైతే, ముక్కులోనూ చెవిలోనూ దూర్చుకోవడం ఇంకొకటి. శనగగింజ తడి తగిలితే ఉబ్బుతుంది. ఎక్కిందని తెలిశాక పిన్నుతో లాగబోకండి, ఇంకా లోపలికి పోతుంది. చెవిలో గింజ ఉంటే నీళ్లు గానీ, మనవాళ్లకి అలవాటైన కొబ్బరినూనె గానీ పొయ్యకండి. నేరుగా చెవి, ముక్కు డాక్టరు దగ్గరికే.

బియ్యం కొంత నయం, నోట్లో పెట్టుకోవడం పూర్తిగా మానేసిన పిల్లలకి మాత్రమే. దుప్పటి పరిచి, మధ్యలో పళ్లెంలో రెండు గుప్పెళ్ల బియ్యం, సోల, చిన్న గిన్నె పెడితే రెండేళ్ల పైబడిన పిల్ల కొలిచి పోస్తుంది. అయితే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు అన్నం పెట్టేది తొక్కుతారా అంటారు. ఆ మాటకి విలువిచ్చి ఈ ఆట మానేసినా పిల్లకి పోయేదేమీ లేదు. బియ్యం బదులు మిల్లు నుంచి ఊకో తవుడో తెద్దామనుకునేరు, ఆ దుమ్ము కళ్లలోకీ ముక్కులోకీ పోతుంది.

గోదావరి ఒడ్డువాళ్లకి ఇసుక కొదవా? బియ్యం కంటే నేను దానికే ఓటేస్తాను, అదీ తడి ఇసుకకి. పొడి ఇసుక గాలికి లేచి కళ్లలో పడుతుంది, కొబ్బరి చిప్పలో పోసి బోర్లిస్తే నిలవదు. తడిపితే చిప్ప ఆకారంలో గుండ్రంగా నిలబడుతుంది, పిల్ల చేత్తో అదిమి పగలగొడుతుంది. తెచ్చిన ఇసుక రెండు మూడు నీళ్లు కడిగి, జల్లించి, పాత టబ్బులో పోసి, రాత్రిపూట తప్పకుండా మూత పెట్టండి. లేకపోతే వీధి పిల్లులన్నీ అక్కడికే వస్తాయి. మట్టి తినే అలవాటున్న పిల్లకి మాత్రం ఈ ఆట వద్దు. అలా తింటుంటే ఒకసారి డాక్టరుకి చూపించండి, రక్తం తక్కువైన పిల్లల్లో ఆ అలవాటు కనిపిస్తుంటుంది.

ఇంకా నోట్లో పెట్టుకునే పిల్లకి ఈ మూడింట్లో మిగిలేది పిండే. గోధుమపిండి పచ్చిది కలిపి ఇవ్వడం చాలామంది చేస్తారు. పచ్చిపిండిలో కడుపు చెడగొట్టే సూక్ష్మక్రిములు ఉండొచ్చు. నిలవ ఉండాలని గుప్పెళ్లకి గుప్పెళ్లు ఉప్పు వేసి కలిపే ముద్దలు ఇంకా ప్రమాదం, ఆ ఉప్పు చిన్న ఒంటికి చాలా ఎక్కువ. మనకి ఉండ్రాళ్ల పిండి ఉండగా ఆ గొడవెందుకు? నీళ్లు మరిగించి, బియ్యప్పిండి పోసి కలియబెట్టి, మూత పెట్టి దించి, గోరువెచ్చగా అయ్యాక చుక్క నూనెతో మర్దించండి. ఉప్పు వెయ్యకండి. సగంలో చిటికెడు పసుపు, సగంలో బీట్‌రూట్ రసం కలిపితే రెండు రంగులు. నలిపినా మంచిదే, చిన్న ముక్క మింగినా భయం లేదు, పెద్ద ముద్ద మాత్రం నోట్లో కుక్కుకోకుండా దగ్గరుండండి. మన ఉక్కకి సాయంత్రానికే పులుస్తుంది కాబట్టి ఏ పూటకి ఆ పూట చేసుకుని, మిగిలింది కోళ్లకి వెయ్యడమే. రెండున్నరేళ్లు దాటాక చక్రాల గొట్టం ఇచ్చి చూడండి. రెండు చేతులూ, పొట్టా అంతా ఆనించి నొక్కుతారు, తీగలు బయటికి రాగానే మొహం వెలిగిపోతుంది.

గుడ్డలు, అట్టపెట్టెలు

ఎనిమిది తొమ్మిది నెలల పిల్లకి తువ్వాలుతో దోబూచులాటని మించింది లేదు. కనపడని వస్తువు పోలేదు, ఎక్కడో ఉంది అని తెలిసే వయసు అదే. ఏడాది దాటాక మూతకి పెద్ద చిల్లు పెట్టిన డబ్బాలో జేబురుమాలు సైజు గుడ్డముక్కలు కుక్కి ఇస్తే ఒక్కొక్కటీ లాగుతూ కూర్చుంటారు. చీర ముక్క పొడుగ్గా ఉంటే మెడకి చుట్టుకుంటుంది, చిన్నగా కత్తిరించండి.

ఫ్యాన్ కొన్నా కూలర్ కొన్నా వచ్చే అట్టపెట్టె పారేయకండి. లోపలి పిన్నులు, టేపు, థర్మోకోల్ ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు తీసేసి రెండు వైపులా తెరిస్తే పాకే సొరంగం. తడిస్తే వదిలెయ్యాలి, అంతే.

కొబ్బరి, తాడి

మన సీమకే దక్కిన బొమ్మలివి. అయితే వీటిలో చాలా భాగం పెద్దవాళ్లు చేస్తే పిల్ల చూసేవి. కొబ్బరాకు బూర, ఆకు గడియారం తాతయ్య చేసి చేతికి కట్టాలి. ఈనె మాత్రం పిల్ల చేతికి వెళ్లకూడదు, కంటికి దగ్గర వస్తువు అది. నున్నగా గీకి అంచులు రాతి మీద అరగదీసిన చిప్పలైతే ఏడాది పిల్లకైనా ఇవ్వొచ్చు. రెండూ తాటిస్తే గుర్రం డెక్కల చప్పుడొస్తుంది.

వేసవిలో ముంజెలు తిన్నాక మిగిలే బుర్రలతో బండి కడతాం కదా, రెండు కాయల మధ్య పుల్ల, తోయడానికి పొడుగాటి పంగలకర్ర. ఆ కర్ర నాలుగైదేళ్ల వాళ్లది. రెండేళ్ల పిల్లకి ఒక్క ఖాళీ కాయ ఇచ్చి వాలు మీద దొర్లించమనండి. అది తిన్నగా పోదు, వంకర తిరుగుతుంది, అందుకే రబ్బరు బంతి కంటే సరదా.

ఏ ఆటైనా కొబ్బరి చెట్టు కింద మాత్రం పెట్టకండి. నీడ చల్లగా ఉంటుంది, నిజమే. కాయో మట్టో రాలడానికి గాలి కూడా అక్కర్లేదు.

పనే ఆటగా

రెండేళ్లు దగ్గర పడితే అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే అని నా నమ్మకం. తోటకూర కట్ట విప్పి ఆకులు తుంపి గిన్నెలో వెయ్యమనండి. ఆరిన బట్టల్లోంచి నాన్న లుంగీ ఏదో, తన గౌను ఏదో తీసి ఇమ్మనండి. కంచాలు చాప దగ్గరికి మోయించండి. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతిలో పొయ్యడం, తుడవడం, మడతపెట్టడం లాంటి ఇంటి పనులే చిన్నపిల్లల తొలి పాఠాలు.

పని రెట్టింపు సేపు పడుతుంది. సగం ఆకులు నేల మీదుంటాయి. కానీ బొమ్మలిచ్చి కూర్చోబెట్టిన పిల్ల పది నిమిషాలకోసారి కొంగు లాగుతుంది, తోటకూర ఇచ్చిన పిల్ల మన పక్కనే ఉంటుంది కాబట్టి లాగదు. చిక్కుడుకాయలు ఇవ్వకండి, గింజలు బయటికొస్తాయి. ఆకుకూరే మేలు. కత్తిపీట ఉన్న రోజు ఈ ఆట లేదు.

బ్యాటరీ బొమ్మా, ఫోనూ

పోలిక అన్నాక ఇవీ చెప్పాలి. 10 నుంచి 16 నెలల పిల్లల ఇళ్లలో మాటలు రికార్డు చేసి అమెరికాలో చేసిన ఒక పరిశీలన 2015 చివర్లో వెలువడింది. పాటలు పాడే, లైట్లు వెలిగే బొమ్మ ఉన్నప్పుడు పుస్తకాలతోనో మామూలు బొమ్మలతోనో ఆడినప్పటి కంటే తల్లిదండ్రులు తక్కువ మాట్లాడారు, పిల్లలూ తక్కువ పలికారు. బొమ్మే మాట్లాడేస్తుంటే ఇంక మనకేం పని? గిన్నె మాట్లాడదు కాబట్టి మనం మాట్లాడతాం.

ఫోన్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది స్పష్టంగానే ఉంది. ఏడాది పిల్లలకి తెర అసలు వద్దు, రెండేళ్లు దాటినవాళ్లకి రోజుకి గంట మించొద్దు, అంతకంటే తక్కువైతే మరీ మంచిది. ఏడాది దాటిన పిల్లలు రోజు మొత్తం మీద కనీసం మూడు గంటలు కదులుతూ ఉండాలనీ అందులోనే ఉంది. డబ్బు పెట్టి కొందామనుకుంటే ఒక మంచి బంతి, ఏటికొప్పాక లక్క బొమ్మల్లో ఊడే ముక్కలు లేనిది ఒకటి, చాలు.

ఏ వేళకి ఏది

పొద్దున్న వంట వేళ, మీరొక్కరే ఉంటే: పొయ్యికి దూరంగా, మీకు కనపడేలా నాలుగు గిన్నెలు, లేదా తోటకూర. నీళ్లు, పిండి, ఇసుక మీ చేతులు ఖాళీ అయ్యాకే.

జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టి, గోదావరి పొంగి, వీధిలోకి అడుగు పెట్టడానికి లేనప్పుడు కూర్చోబెట్టే ఆటలు కాదు, కదిలించే ఆటలు కావాలి. అట్టపెట్టె సొరంగం, దిళ్ల కొండ, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి చిలకడదుంపలు మోసే పని. వరద నీళ్లు వాకిట్లోకి వస్తే అందులో కాళ్లు ఆడించనివ్వకండి, ఎంత ఏడ్చినా సరే. ఆ నీళ్లలో ఏముందో మనకి తెలీదు.

మామ్మ ఒక్కతే పిల్లని చూసుకుంటుంటే, మోకాళ్ల నొప్పులతో పరిగెత్తలేని మామ్మ అయితే, నీళ్లాట మాట ఎత్తకండి. ఉండ్రాళ్ల పిండి, ఖాళీ గ్లాసులు పెట్టి వెళ్లండి. మాటలొచ్చిన పిల్లకి మామ్మని మించిన ఆటసామాను ఉండదు.

"మామ్మా, ఇదిగో కాఫీ."

"ఇందులో పంచదార ఏదే అమ్మడూ? ఇంకాస్త ఎయ్యి."

"ఏసాను. తాగు."

"అబ్బ, కాలిపోతుంది! ఊదవే."

పిల్ల ఖాళీ గ్లాసులోకి బుగ్గలు పొంగించి ఊదుతుంది. ఇది పూటకి పదిసార్లు జరిగినా ఇద్దరికీ విసుగు రాదు.

ఇద్దరు పిల్లలున్న ఇంట్లో చిక్కు వేరు. ఏడేళ్ల అక్కకి గవ్వలు, చింతపిక్కలు కావాలి, ఏడాది చెల్లికి అవి ప్రాణం మీదకి తెచ్చేవి. అక్క ఆట మానిపించకండి, మంచం మీదో బల్ల మీదో పెట్టించండి, చెల్లికి కింద గిన్నెలివ్వండి. ఆట మొదలుపెట్టేముందు గవ్వలు లెక్కపెట్టే పని అక్కదే, అయ్యాక మళ్లీ లెక్కపెట్టి డబ్బాలో వేసి మూత పెట్టే పనీ అక్కదే. ఆ పెత్తనం ఏడేళ్ల వాళ్లకి భలే ఇష్టం. ఒక్కటి తగ్గినా చెల్లిని చంకనెత్తుకుని, మంచం కింద చీపురుతో ఊడ్చి, అది దొరికాకే కిందకి దింపండి.